ఊళ్ళు తిరుగుతారు గానీ కంచం మార్చరు!

సెలవుల ప్రయాణాల్లో మీకు ఎదురయ్యే ఇబ్బందులు రాయమని కిందటి సంచికలో అడిగాం. రైలు టికెట్ల గురించో, హోటల్ గదుల గురించో వస్తాయనుకున్నాం గానీ ఎక్కువ ఉత్తరాలు పిల్లల తిండి గురించే వచ్చాయి. కొన్నిటిని ఎంచి, పేర్లు తీసేసి, జవాబులతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు. పప్పన్నం, పెరుగన్నం, దోసె, బంగాళాదుంప వేపుడు, వాడి లోకం ఇంతే. కిందటేడు ఊటీ వెళ్తే చిప్సు, బిస్కెట్లతోనే గడిపేశాడు, ఇంటికొచ్చాక మలబద్ధకంతో నానా అవస్థ పడ్డాడు. ఈ దసరాకి అయిదు రోజులు కొచ్చి, మున్నార్, అలెప్పీ వెళ్తున్నాం. అక్కడ వంటలన్నీ కొబ్బరినూనెతో చేస్తారని ఎవరో చెప్పారట, ఇప్పటి నుంచే ముక్కు మూసుకుంటున్నాడు. నాకేమో అక్కడి వంటలు రుచి చూపించాలని ఉంది. మా వారు "వాడి మానాన వాణ్ణి వదిలెయ్, చిన్న కుక్కర్ పట్టుకెళ్దాం" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ వారి మాట సగం ఒప్పు. వదిలెయ్యమనడం ఒప్పు, కుక్కర్ తప్పు.

కొత్త తిండి చూసి జంకడం రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల్లో ఎక్కువగా ఉంటుంది, ఆ తరవాత మెల్లగా తగ్గుతుంది. మీవాడు ఇప్పుడిప్పుడే ఆ వయసు దాటుతున్నాడు కాబట్టి దాన్ని మొండితనం అనుకోకండి. నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో తెలియదు గనక వద్దంటాడు, అంతే. అదే పదార్థం ఏ బలవంతమూ లేకుండా ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు నాలుకకి తగిలితే గానీ చాలామంది పిల్లలకు దాని మీద ఇష్టం పుట్టదని ఈ విషయం మీద పరిశోధన చేసినవాళ్ళు చెబుతారు. మరి అయిదు రోజుల ట్రిప్పులో వాడికి పదిహేను సార్లు పుట్టు (బియ్యప్పిండి, కొబ్బరితో ఆవిరి మీద ఉడికించే కేరళ టిఫిన్) ఎలా పెడతారు? అందుకని ప్రయాణంలోనే ఇష్టం పుట్టించెయ్యాలన్న ఆశ వదులుకోండి, అక్కడ వాడు వేలితో ముట్టుకున్నా, వాసన చూసి పక్కన పెట్టినా చాలు. అసలు పని ఇంట్లో మొదలవ్వాలి.

ముందు కొబ్బరినూనె సంగతి. మన ఇళ్ళల్లో అది తలకి రాసేది కదా, ఆదివారం పూట మాడుకి పట్టించే నూనె వాసన కూరలోంచి వస్తే పిల్లాడు ముక్కు మూసుకోడా మరి! దీనికి మందు అరటికాయ చిప్సు. కేరళ చిప్స్ పేరుతో మన దగ్గర అమ్మేవాటిలో కొబ్బరినూనెతో వేయించినవే చూసి కొనండి (పామాయిల్‌వి చాలా ఉంటాయి, ప్యాకెట్ వెనక చదవండి). చిప్సు ఎలాగూ తింటాడు. ఓ వారం పోయాక దోసె అంచున నాలుగు చుక్కలు అదే నూనె వేసి కాల్చండి. అడిగితే నిజం చెప్పండి, అడక్కపోతే ఉపన్యాసం అక్కర్లేదు.

అక్కడికి వెళ్ళాక, కొత్తది ఏదైనా పొద్దున టిఫిన్‌లోనే చూపించండి. అప్పటికి పిల్లలకు ఆకలి నిజంగా ఉంటుంది, అలసట ఉండదు, పైగా కేరళ టిఫిన్లలో కారం తక్కువ. దోసె తినే పిల్లాడికి అప్పం దగ్గరి చుట్టమే. అదీ బియ్యం, కొబ్బరితో రుబ్బి పులియబెట్టిన పిండే, చిన్న గుంట మూకుడులో వేసి గుండ్రంగా తిప్పితే అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా వస్తుంది. ముందు అంచు మటుకు విరిచి ఇవ్వండి. పక్కన ఇష్టూ అని కొబ్బరిపాలతో చేసిన తెల్లటి కూర పెడతారు, అందులో బంగాళాదుంప ముక్కలుంటాయి, వాడికి తెలిసిన ముఖమే. ఇడియప్పం కూడా సులువే, అది పిండితో చేసిన సేమ్యా ఉండలా కనిపిస్తుంది.

పుట్టు మాత్రం బల్ల మీదికి వచ్చాక చూపించకండి, చేసే చోటికి తీసుకెళ్ళి చూపించండి. మున్నార్ దారిలో చిన్న హోటళ్ళలో అడిగితే ఎవరూ కాదనరు. పొడవాటి గొట్టంలో ఓ పిడికెడు కొబ్బరి కోరు, దాని మీద తడిపిన బియ్యప్పిండి, మళ్ళీ కొబ్బరి, మళ్ళీ పిండి వేసి ఆవిరి మీద పెడతారు. పైన చిల్లుల్లోంచి బుస్సుమని ఆవిరి రాగానే గొట్టం తీసి, వెనక నుంచి పుల్లతో తోస్తే తెల్లటి కడ్డీ పొగలు కక్కుతూ ప్లేటులోకి జారుతుంది, కొబ్బరి ఉన్నచోటల్లా ముక్కలుగా విడిపోతుంది. ఆ తొయ్యడం తనే చేస్తానంటాడు మీవాడు, చెయ్యనివ్వండి. ఇక తినడానికి కడల కూర, అంటే నల్లశనగల కూర, వాడికి ఘాటు అనిపిస్తే వదిలేసి చిన్న అరటిపండు, చక్కెర వేసి చేత్తో పిసికి తినమనండి. అక్కడి పిల్లలు తినేదీ చాలాసార్లు అలాగే.

మధ్యాహ్నం భోజనంలో చిక్కు ఉంది. అక్కడి మట్ట బియ్యం లావుగా, ఎర్రచారలతో ఉంటుంది, పెరుగన్నం పిల్లలకు అది అన్నంలాగే అనిపించదు. మొహమాటపడకుండా తెల్లన్నం అడగండి, పెరుగు విడిగా చెప్పండి. అలెప్పీలో హౌస్‌బోట్ ఎక్కుతుంటే ఎక్కగానే వంటాయనతో మాట్లాడండి, ఒక కూర కారం లేకుండా, పిల్లాడికి తెల్లన్నం అని. వంటిల్లు మామూలుగా పడవ వెనక వైపు ఉంటుంది, కాసేపు వాణ్ణి అక్కడ నిలబడనివ్వండి. సాయంత్రం టీ బడ్డీల దగ్గర పళంపొరి, అంటే అరటిపండు బజ్జీ, అది తినని పిల్లలు అరుదు. ఎక్కడైనా కప్ప పేరుతో ఉడకబెట్టిన దుంప పెడితే భయపడకండి, అది మన కర్రపెండలమే, పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసేది దాంతోనే. బంగాళాదుంప ఇష్టపడేవాడికి అదీ నచ్చవచ్చు.

రాత్రిపూట ప్రయోగాలు వద్దు. అలిసిపోయి ఉంటాడు, పరోటానో దోసెనో ఏదో ఒకటి తిని పడుకోనివ్వండి.

ఇంకో మాట. "ఈ ముక్క తింటే ఐస్‌క్రీం కొనిపెడతా" అనకండి. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1980లలోనే ఈ సంగతి పరీక్షించి చూశారు. తాగితే బహుమతి ఇస్తామని చెప్పి కొత్త పానీయం తాగించిన పిల్లలకు ఆ తరవాత ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. లంచం ఇచ్చి తాగిస్తున్నారంటే అది బాగోదన్నమాటేగా, పిల్లలకు ఆ లెక్క బాగా తెలుసు. బల్ల మీద వాడికి తెలిసినది ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది మీ పని. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది వాడి పని. ఎలిన్ శాటర్ అనే డైటీషియన్ చెప్పిన ఈ పని విభజన అమెరికాలోనే కాదు, అలెప్పీలోనూ పనిచేస్తుంది. కారులో గంటకోసారి చిప్సు ప్యాకెట్ విప్పడం మాత్రం మానండి, ఆకలి లేని పిల్లాడికి అమృతం పెట్టినా వద్దంటాడు. ఊటీలో జరిగింది అదే అనిపిస్తోంది. నీళ్ళు ఎక్కువ తాగించండి, రోజూ అరటిపండో బొప్పాయో పడేలా చూడండి.

ప్రశ్న: నేను అమ్మమ్మని. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పిల్లలు డాలస్ నుంచి జూన్‌లో వస్తారు, మనవరాలికి తొమ్మిది, మనవడికి ఆరు. కిందటిసారి వచ్చినప్పుడు సున్నుండలు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, ఏది చేసినా ముట్టుకోలేదు. పాలు కూడా "వాసన" అని తాగలేదు. ఊరంతా "మీ మనవలు ఏమీ తినరటగా" అంటుంటే నాకు తలకొట్టేసినట్టయింది. ఈసారైనా మన తిండి అలవాటు చెయ్యాలి.

జవాబు: అమ్మా, వాళ్ళకి మీ ఇల్లు విదేశం అని ముందు ఒప్పుకోవాలి. మీకు సొంత ఊరు, వాళ్ళకి సెలవులకు వచ్చిన ఊరు.

మొదటి రెండు మూడు రోజులు ఏం వండినా దండగే. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, మీరు మధ్యాహ్నం పన్నెండింటికి విస్తరి వేస్తే వాళ్ళ ఒంటికి అది అర్ధరాత్రి. ఆకలి తెల్లవారుజామున మూడింటికి వేస్తుంది. అప్పటికి అరటిపళ్ళు, బ్రెడ్డు, ఏదైనా చప్పటిది వాళ్ళకి అందే చోట పెట్టి ఉంచండి. అసలు వంటలు నాలుగో రోజు నుంచి మొదలెట్టండి.

పాల వాసన నిజమే. అక్కడ వాళ్ళు తాగేది ఆవుపాలు, మీరు ఇచ్చేది చిక్కటి గేదెపాలు, వెన్న దాదాపు రెట్టింపు ఉంటుంది. పైగా గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే మీగడ పెదవికి అంటుకుంటుంది, చూడండి, అక్కడే వాళ్ళ ముఖం మారిపోతుంది. మనకి మీగడ అంటే ప్రేమగా వేసేది, ఆ పిల్లలకు అది పాలలో పడిన ఏదో పదార్థం. వడకట్టి, కొంచెం నీళ్ళు కలిపి, చల్లగా ఇచ్చి చూడండి.

కారం విషయంలో జాలి పడండి. అలవాటు లేని నాలుకకి మిరపకాయ నిజంగానే మంట, నాటకం కాదు. మంట పుట్టాక నీళ్ళిస్తే తగ్గదు, పెరుగో పాలో ఇవ్వాలి. గోంగూర పచ్చడి బదులు గోంగూర పప్పు, అదీ మిరపకాయలు తాలింపులో పైపైన వేసి, పక్కకి తీసేసేలా.

మీ చుట్టుపక్కల ఉన్నన్ని ఆకర్షణలు ఏ ఊళ్ళోనూ లేవు, వాటిని వాడుకోండి. ఆత్రేయపురం మీకు కూతవేటు దూరం. పూతరేకులు డబ్బాలో తెచ్చి ఇచ్చి "తిను, తిను" అంటే కాగితం తినమంటున్నారేమో అనుకుంటారు పిల్లలు. చేసే ఇంటికే తీసుకెళ్ళండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగితే కన్ను మూసి తెరిచేలోపు రేకు తయారు, చేత్తో పట్టుకుంటే వెలుతురు అటునుంచి ఇటు కనిపిస్తుంది. ఆ పచ్చి రేకు ముక్క, పంచదారా నెయ్యీ ఏమీ లేనిది, పిల్లల చేతిలో పెట్టమనండి. నోట్లో పెట్టుకుని కరిగిపోయిందని నవ్వుతారు. తరవాత బెల్లం పొడి, నెయ్యి వేసి చుట్టడం చూస్తారు. ఈ పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం వేసే ముద్ర, వచ్చిందని పెద్దదానికి చెప్పండి, తొమ్మిదేళ్ళ పిల్లలకు అలాంటి కబుర్లు నచ్చుతాయి, వెళ్ళి స్కూల్లో చెప్పుకుంటారు.

అంబాజీపేట వైపు వెళ్తే పొట్టిక్కలు. ఇడ్లీ పిండే, పనసాకు బుట్టలో ఉడికినది. డాలస్‌లో మీ అమ్మాయి వారానికోసారైనా ఇడ్లీ పెడుతుంది, కాబట్టి ఆకు విప్పడం ఒక్కటే వాళ్ళకి కొత్త. జూన్ నాటికి మామిడిపళ్ళు ఇంకా దొరికితే రసాలు పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవడం నేర్పండి, బట్టలు పాడైతే పాడవనివ్వండి. కొబ్బరిబొండాం తాగాక లేత కొబ్బరి చెంచాతో గీసుకోవడం వాళ్ళకి ఆటే.

ఇక మీ గురించి. "ఒక్క ముద్ద, అమ్మమ్మ కోసం" అని నోటి దగ్గర పెట్టకండి. చిన్నప్పటి నుంచి తమ చేత్తో తాము తినడం అలవాటైన పిల్లలు, అది ప్రేమ అని వాళ్ళకి వెంటనే తెలియదు. చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళ ముందే "వీళ్ళేమీ తినర్లెండి" అన్న మాట అనకండి, ఎవరినీ అననివ్వకండి. ఆ ముద్ర పడితే పిల్లలు కూడా దానికి తగ్గట్టే నడుచుకుంటారు. వారానికోసారి పాస్తా వండుకుంటామంటే మీ అమ్మాయిని వండుకోనివ్వండి. ఊరివాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారు, వాళ్ళ మనవలు పీజ్జా తప్ప ముట్టరని మాకు ఉత్తరాలు వస్తున్నాయి.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. డిసెంబరులో థాయిలాండ్. టూర్ వాళ్ళు మూడు పూటలా ఇండియన్ బఫే అంటున్నారు. పిల్లలకు (8, 11 ఏళ్ళు) అక్కడి తిండి రుచి చూపించడం అసలు కుదురుతుందా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: కుదురుతుంది, కాకపోతే కళ్ళు తెరుచుకుని. అక్కడ కూరల్లో, వేపుళ్ళలో, ఆఖరికి కొన్ని సలాడ్లలో కూడా నాంప్లా అనే చేపల రసం పోస్తారు. ముక్కలు కనిపించకపోతే శాకాహారం అనుకోవద్దు. "జే" అన్న గుర్తు వెతకండి, పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో జెండాలా కడతారు. అది మన శాకాహారం కంటే కఠినం, పాలు, గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. "కిన్ జే" అంటే మేం జే తింటాం అని. "మై సై నామ్ ప్లా" అంటే చేపరసం వెయ్యొద్దని, "మై పెట్" అంటే కారం వద్దని. పిల్లలకు నేర్పండి, ఆ మాటలు వాళ్ళ నోటి నుంచి వస్తే బండివాళ్ళు సంతోషంగా చేసిపెడతారు.

తేలికగా నచ్చేవి: మామిడిపండు ముక్కలతో, కొబ్బరిపాలు పోసిన జిగురు బియ్యం అన్నం. ఖనోమ్ క్రోక్ అని గుంతల పెనం మీద బియ్యప్పిండి, కొబ్బరిపాలతో వేసేవి, చూడగానే మీ పిల్లలు గుంత పొంగనాలు అంటారు. రాంబుటాన్, మాంగోస్టీన్ పళ్ళు దొరికితే వలిచి తినడమే ఒక సరదా. అరటిపండు రోటీ బండ్లు కనిపిస్తాయి, వాటిలో గుడ్డు కొడతారు, ముందే వద్దని చెప్పాలి, పెనం కూడా అదే అని మీకు అభ్యంతరం ఉంటే దాటేయండి. ఉదయం, రాత్రి టూర్ వాళ్ళ బఫే ఎలాగూ ఉంది, కడుపు నింపే బాధ్యత దానిది. మిగతాదంతా సాయంత్రం బజార్లో సరదాకి.

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు కాశీ వెళ్తున్నాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఎక్కడికెళ్ళినా నూడుల్స్, ఫ్రైడ్ రైస్. ఏమన్నా అంటే ఫోన్‌లోంచి తలెత్తదు.
– గుంటూరు నుంచి

జవాబు: ఆ ఫోన్‌నే పనిలో పెట్టండి. ఒక పూట టిఫిన్ బాధ్యత పూర్తిగా తనకి అప్పజెప్పండి, డబ్బులు చేతికిచ్చి ఎక్కడ తినాలో, ఏం తినాలో తనే వెతికి మిమ్మల్ని తీసుకెళ్ళాలి. మీరు నోరెత్తకుండా వెంట నడవాలి, కష్టమే. చలికాలం కాబట్టి మలయ్యో దొరుకుతుంది, కుంకుమపువ్వు వేసిన పాల నురగ, పొద్దున్నే మట్టిపిడతల్లో అమ్ముతారు, ఎండెక్కితే ఉండదు. పొద్దున కచోరీ కూర, జిలేబీ. ఆవనూనె వాసన పడకపోతే టమాటా చాట్, లస్సీ. ఫోటో తీసుకోనివ్వండి, చల్లారిపోతోందని గోల చెయ్యకండి.

ప్రశ్న: ఎక్కడికెళ్ళినా కందిపొడి, ఆవకాయ, నెయ్యి, ఇన్‌స్టంట్ నూడుల్స్ సర్దుకెళ్తాం. తప్పా?

జవాబు: ఆకలితో ఏడ్చే పిల్లాణ్ణి పస్తు పెట్టడం తప్పు. కందిపొడి తప్పెందుకవుతుంది? సీసా మూత ఎప్పుడు తీస్తున్నారన్నదే అసలు సంగతి. భోజనం బల్ల మీదికి రాకముందే తీస్తే ఇక ఎదురుగా ఉన్నది ఎవరూ చూడరు. అందరూ కాస్త తిన్నాక తీయండి. హోటల్ కెటిల్‌లో నూడుల్స్ మాత్రం ఉడకబెట్టకండి, మీ తరవాత దిగేవాళ్ళు అందులోనే టీ పెట్టుకోవాలి.

ప్రశ్న: మా వాడికి ఎనిమిదేళ్ళు. నాలుగైదు పదార్థాలు తప్ప తినడు, మెత్తటిది ఏది నోట్లో పెట్టినా వాంతి చేసుకుంటాడు, బరువు కూడా పెరగడం లేదు. ప్రయాణంలో మారతాడా?

జవాబు: ఇది పేచీ కాదు. ప్రయాణానికి ముందే పిల్లల డాక్టరుకు చూపించండి, అవసరమైతే ఆయనే తిండి అలవాట్లకు థెరపీ ఇచ్చేవాళ్ళ దగ్గరికి పంపుతారు. ఈ ట్రిప్పులో ప్రయోగాలేవీ వద్దు, వాడు తినేవే తీసుకెళ్ళండి. పిల్లలందరి తల్లిదండ్రులకూ చెప్పేది ఒకటుంది, వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, రొయ్యలు ఇదివరకు ఎప్పుడూ తినని పిల్లలకు మొదటిసారి ఆస్పత్రి దూరంగా ఉన్న చోట పెట్టకండి. కోసి పెట్టిన పళ్ళు, రోడ్డు పక్క ఐసు వద్దు. విరేచనాలైతే సంచిలో ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు ఉండాలి, తియ్యటి పళ్ళరసం డబ్బాలు కాదు.

ప్రశ్న: నేను అయిదో తరగతి. మా నాన్న ఎక్కడికెళ్ళినా "ఆంధ్రా మీల్స్ ఎక్కడ?" అని వెతుకుతాడు. మైసూరులో సాంబారు తియ్యగా ఉందని హోటల్ మార్పించాడు. నన్ను మాత్రం "అన్నీ తినాలి, పేచీ పెట్టకూడదు" అంటాడు. ఇది న్యాయమా?

జవాబు: కాదమ్మా. పిల్లలు పెద్దవాళ్ళ మాట కంటే వాళ్ళ కంచం చూస్తారని మేం ఈ పేజీలో పెద్దవాళ్ళకి చెప్పాల్సిన మాట నువ్వే చెప్పేశావు. ఈ ఉత్తరం పత్రికలో వచ్చింది కాబట్టి నాన్నకి చూపించు. వచ్చే ట్రిప్పులో ఒక ఒప్పందం అడుగు, రోజుకో కొత్త వంటకం, ఆయన కోసం నువ్వు ఎంచాలి, నీ కోసం ఆయన ఎంచాలి, ఇద్దరూ ఒక్కో ముద్ద తినాలి, నచ్చకపోతే ఇద్దరికీ వదిలేసే హక్కు ఉండాలి. మళ్ళీ మైసూరే వెళ్తే ఆయనకి ఆ తియ్య సాంబారే చెప్పు. అందులో కాస్త బెల్లం వేస్తారు, అక్కడి పద్ధతి అది. నీ వంతుకి ఆయన ఏం ఎంచాడో మాకు రాయి.